చలవ బట్టల లెక్క

ఇంటి ఖర్చులు రాసుకునే అలవాటున్న వాళ్లు ఒకసారి ఆ పుస్తకం తెరిచి చూడండి. బియ్యం, పాలు, గ్యాసు, పిల్లల ఫీజులు, మందులు... అన్నిటికీ తలా ఒక వరస ఉంటుంది. బట్టలుతకడానికి మాత్రం ఎక్కడా ఉండదు. అలాగని అదేమైనా ఊరికే అయ్యే పనా? సబ్బుపొడి వెళ్లి కిరాణా సరుకుల్లో కలుస్తుంది. మిషన్ తిరిగిన ఖర్చు కరెంటు బిల్లులో దాక్కుంటుంది. నీళ్లు అపార్టుమెంటు మెయింటెనెన్సులోకి, పనిమనిషి కష్టం జీతాల్లోకి, ఇస్త్రీ డబ్బులు చిల్లర ఖర్చుల్లోకి పోతాయి. ఇలా అయిదు చోట్ల నక్కి ఉంటుంది కాబట్టే దాని ఒడ్డూ పొడుగూ ఎంతో ఎవరికీ తెలియదు.

మా ఇంట్లో అది బయటపడింది ఒక మార్చి నెల కరెంటు బిల్లు వల్ల.

మాది హైదరాబాదు శివార్లలో రెండు పడగ్గదుల ఫ్లాటు. మావారు, నేను, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. ఫిబ్రవరిలో మీటరు 196 యూనిట్లు తిరిగింది. మార్చిలో 209. పెరిగింది 13 యూనిట్లే కదా, ఓ డెబ్బయి ఎనభై రూపాయలు ఎక్కువొస్తుందిలే అనుకుంటాం ఎవరమైనా. తీరా చూస్తే పెరిగింది 288 రూపాయలు!

ఇందులో మాయేం లేదు. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు వంద దాటి 200 యూనిట్లు మించని ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. అంటే సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు. 201 కాల్చారనుకోండి, ఇంటి గ్రూపే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10, ఆపైన వాటికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం దీనికి అదనం. ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయలన్నమాట! ఆంధ్రప్రదేశ్‌లో ఈ గోడ లేదు. విజయవాడలో ఉండే మా చెల్లెలికి మెట్టెక్కిన యూనిట్లకే కొత్త రేటు పడుతుంది. అయితే అక్కడా 2022 నాటి రేట్ల ప్రకారం 225 యూనిట్లు దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి ఒక్కసారిగా 8.75కి ఎగబాకుతుంది. రేట్లు మారుతుండొచ్చు. కానీ చివర్లో కాల్చే పది పదిహేను యూనిట్లే అన్నిటికన్నా ఖరీదైనవన్న సంగతి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఆ రాత్రి భోజనాల దగ్గర విచారణ మొదలైంది. ఎండలు ముదురుతున్నాయి, ఫాన్లు ఆపలేం. ఫ్రిజ్ ఆపలేం. చివరికి అందరి చూపులూ వరండాలోని వాషింగ్ మిషన్ మీద పడ్డాయి.

‘‘వారానికి రెండుసార్లే మిషన్ వేసి, మిగతా రోజుల్లో చిన్నాచితకా చేత్తో ఉతికేస్తే పోలా?’’ అన్నారు మావారు.

‘‘ఎవరి చేత్తో?’’ అన్నాను.

కాసేపు కంచాల చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు.

నేనేదో దెప్పడానికి అన్న మాట కాదది. మా అమ్మ గుర్తొచ్చి అన్నాను. తెనాలి దగ్గర పల్లెటూళ్లో మా ఇంటి నూతి పక్కన ఉతికే బండ ఒకటి ఉండేది. ఏడుగురి బట్టలు అమ్మ దానిమీదే ఉతికేది. దుప్పట్లు తడిస్తే ఎంత బరువుంటాయో ఎత్తిన వాళ్లకే తెలుస్తుంది. వాటిని బాది, జాడించి, ఒక కొస నాకిచ్చి రెండో కొస తను పట్టుకుని మెలిపెట్టి పిండేది. నాన్న పద్దు పుస్తకంలో సబ్బు బిళ్లలు, నీలిమందు రాసి ఉండేవి. ‘బట్టలకి మనకయ్యే ఖర్చు సబ్బు ముక్కేగా’ అనేవారాయన. అరవయ్యేళ్లకే అమ్మ చీపురు కట్ట కూడా గట్టిగా పట్టుకోలేకపోయేది. డాక్టరుకీ మాత్రలకీ అయిన ఖర్చు నాన్న మందుల పద్దులో రాసుకున్నారు. దానికీ నూతి పక్కనున్న బండకీ సంబంధముందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు.

అందుకే మిషన్ ఆపేసే పొదుపు నాకొద్దనిపించింది. ఖర్చు ఎక్కడవుతుందో చూసి అక్కడే తగ్గిద్దాం, మనిషి మీదకు మాత్రం నెట్టొద్దు అన్నాను. ‘‘సరే, అయితే లెక్క తేల్చు’’ అన్నారు మావారు. లెక్కల టీచరుతో అనకూడని మాట అది!

మర్నాడు ఆదివారం. కాసేపు ఇంట్లో ఫ్రిజ్, ఫాన్లు, లైట్లు అన్నీ ఆపేయించాను. మా వాణ్ణి కింద మీటరు దగ్గర నిలబెట్టాను. పాయింటు తర్వాత అంకె కూడా కనిపించే మీటరు మాది. మాకున్నది ఏడు కిలోల ఫ్రంట్‌లోడ్ మిషన్. లోపలే నీళ్లు కాగే హీటరు ఉంటుంది. మొదట 60 డిగ్రీల వేడినీళ్లతో ఒక వాయి వేశాం. మీటరు 1.1 యూనిట్ తిరిగింది. తర్వాత అన్నే బట్టలు వేడి లేకుండా మామూలు నీళ్లతో వేశాం. 0.2 యూనిట్. మావాడు రెండుసార్లు చూసి మరీ చెప్పాడు.

ఆలోచిస్తే ఇందులో ఆశ్చర్యమేం లేదు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. డ్రమ్ము తిప్పే మోటారు తీసుకునేది కొద్ది వందల వాట్లు, అదీ ఆగి ఆగి. నీళ్లు కాచే హీటరు మాత్రం రెండు వేల వాట్లుంటుంది. పదిహేను లీటర్ల నీళ్లను 28 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్లాలంటేనే అర యూనిట్‌కి పైగా కావాలి. ఆపైన బట్టలు వేడెక్కాలి, డ్రమ్ము వేడెక్కాలి, ఆ వేడి కాసేపు నిలవాలి. మొత్తమ్మీద తేలిందేమిటంటే, బట్టలు తిప్పడం చౌక, నీళ్లు కాచడం ఖరీదు. మాకు నెలకు పదిహేను వాయిలు వేడినీళ్లతో పడుతున్నాయి. అంటే పదమూడు యూనిట్లకు పైగా నీళ్లు కాచడానికే పోతున్నాయి!

వేడినీళ్లు ఎందుకంటే, అత్తయ్యగారి పట్టుదల. ‘‘ఉడకెయ్యకుండా మురికి ఎలా పోతుందమ్మా?’’ అంటారావిడ. ఆవిడ మాట కొట్టిపారేసేదేం కాదు. ఆవిడ చిన్నతనంలో బట్టలు చాకిరేవుకు వెళ్లేవి. రజకులు వాటిని చౌడు నీళ్లలో తడిపి, చాకిబానలో పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి మీద ఉడకేసేవారు. చౌడులో ఉండే సోడా జిడ్డును వదిలించాలంటే ఆ వేడి కావాలి. ఇప్పటి సబ్బుపొడుల తీరు వేరు. చాలావాటిలో ఎంజైములు కలుపుతున్నారు. చెమట, పాలు, అన్నం మరకల్ని అవి మామూలు నీళ్లలోనే విరగ్గొడతాయి. వాటికి కావలసింది మంట కాదు, టైము. ఓ అరగంట నానబెడితే చాలు. పైగా నెత్తురు, కోడిగుడ్డు లాంటి మరకల మీద వేడినీళ్లు పోస్తే అవి గడ్డకట్టి ఇంకా గట్టిగా పట్టుకుంటాయి.

మాటలతో ఒప్పుకునే మనిషి కాదావిడ. నూనె తలలతో నల్లబడిన దిండు గలీబులు రెండు తీసుకున్నాం. ఒకటి వేడినీళ్లలో, ఇంకొకటి అరగంట నానబెట్టి చన్నీళ్లలో. ఎండలో ఆరాక రెండూ ఆవిడ చేతికిచ్చి ఏది ఏదో చెప్పమన్నాను. అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశారు. ‘‘ఏదైతేనేం, రెండూ శుభ్రంగానే ఉన్నాయి’’ అన్నారు. ఆ మాట చాలు నాకు. ఉతికిన బట్టల్ని మనం ఎప్పటినుంచో ‘చలవ బట్టలు’ అనే అంటున్నాం కదా అత్తయ్యా అంటే, నవ్వి ఊరుకున్నారు.

వేడి అసలే వద్దని కాదు. ఇంట్లో ఎవరైనా జబ్బు పడితే వాళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలోనే వేస్తాం. నెలకోసారి బట్టలు లేకుండా ఖాళీ మిషన్‌ని వేడినీళ్లతో తిప్పుతాం. లేకపోతే లోపల జిగురు చేరి వాసనొస్తుంది. ఇక మన ఎండాకాలం సంగతి మీకు తెలియనిదేముంది? మధ్యాహ్నం రెండింటికి డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. తెల్ల బట్టలన్నీ అప్పుడు వేస్తే సూర్యుడే హీటరు. దానికి బిల్లు రాదు. చలికాలంలో పొడి సరిగా కరగకపోతే ఒక మగ్గు గోరువెచ్చని నీళ్లలో కరిగించి పోస్తే సరిపోతుంది. దానికోసం మొత్తం నీళ్లు కాచక్కర్లేదు.

తర్వాతి లెక్క వాయిల సంఖ్య. నాలుగు చొక్కాలు వేసినా, నిండుగా వేసినా మిషన్ తిరిగే సేపు ఇంచుమించు ఒకటే. ఏడు కిలోలంటే పొడి బట్టల బరువు. జీన్సు ప్యాంటు ఒక్కటే ఆరేడు వందల గ్రాములుంటుంది, చొక్కా రెండొందలు. రోజూ తూచక్కర్లేదు. బట్టలు వేశాక డ్రమ్ము పైభాగంలో చెయ్యి దూరేంత ఖాళీ ఉంటే సరిగ్గా నిండినట్టు. కుక్కితే సబ్బు వదలదు, మళ్లీ జాడించాల్సి వస్తుంది.

ఇక విడిచిన బట్టల బుట్టలోకి ఏం వస్తుందన్నది ఇంకో కథ. ఒకరోజు బుట్ట బోర్లించి చూస్తే మా అమ్మాయి చుడీదార్లు రెండు మడత కూడా చెదరకుండా దొరికాయి. అద్దం ముందు వేసి చూసుకుని, బీరువాలో పెట్టే ఓపిక లేక బుట్టలో పడేసింది! బనియన్లు, మేజోళ్లు, చెమట పట్టిన చొక్కాలు ఏ రోజువి ఆ రోజే ఉతకాలి. జీన్సుకు ఆ తొందరేం లేదు, మూడు నాలుగుసార్లు తొడగొచ్చు. తడి తువ్వాలు మంచం మీద పారెయ్యకుండా తీగ మీద ఆరేస్తే మూడు రోజులు వాడుకోవచ్చు. తలుపు వెనక రెండు కొక్కేలు కొట్టించాను, ‘ఒకసారి తొడిగినవి ఇక్కడ’ అని. వారానికి ఒక వాయి తగ్గింది.

సబ్బుపొడి విషయంలో దూరదర్శన్ రోజుల నాటి లలితాజీ చాలామందికి గుర్తుండే ఉంటుంది. చవగ్గా దొరికేది వేరు, కలిసొచ్చేది వేరు అని కూరగాయల బేరం మధ్యలో చెప్పేది. ఆ లాజిక్ ఏ పొడికైనా పనికొస్తుంది. ప్యాకెట్ ధర కాదు, ఒక వాయికి ఎంత పడుతుందన్నదే లెక్క. చాలా ఇళ్లలో నురగ ఎంత ఎక్కువొస్తే అంత శుభ్రమనుకుంటారు. నిజానికి నురగ ఎక్కువైతే బట్టలు ఒకదానికొకటి సరిగా రాసుకోవు, మిషన్ కూడా నురగ వదిలించడానికి ఎక్కువ నీళ్లు వాడుతుంది. పొడి డబ్బాలో కొలత గరిటె ఒకటి వేసి పెట్టాను. ఎవరు మిషన్ వేసినా అదే కొలత. బోరు నీళ్లయితే ఉప్పు ఎక్కువ కాబట్టి కాస్త పొడి ఎక్కువ పడుతుంది. మునిసిపల్ నీళ్లు వచ్చే రోజు పెద్ద బట్టలు పెట్టుకుంటే పొడి కలిసొస్తుంది. చివరిసారి జాడించిన నీళ్లు గొట్టంతో బకెట్లలోకి పట్టి వరండా, బాత్‌రూము కడుగుతాం. ఎండాకాలంలో ట్యాంకర్లకు డబ్బులు పోసే అపార్టుమెంట్ల వాళ్లకు ఇది చిన్న సంగతేం కాదు.

ఆరబెట్టడానికి ఎండను మించినది లేదు. రంగు బట్టలు తిరగేసి నీడన, తెల్లవి ఎండలో. సమస్యల్లా వానాకాలంలోనే. ఆరలేదని రాత్రంతా ఫాను కింద వేస్తాం. పాత రకం ఫాను 75 వాట్లు. ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్, అంటే మూడు వాయిలు ఉతికినంత! అదే మిషన్‌లో ఇంకో అయిదు నిమిషాలు స్పిన్ తిప్పితే దానిలో పదో వంతు కూడా కాదు, సగం తడి అక్కడే పోతుంది. ముందు స్పిన్, తర్వాతే ఫాను అని మా ఇంట్లో రూలు.

చివరగా ఇస్త్రీ. ఇదీ వేడి ఖర్చే. పెట్టె వెయ్యి వాట్లు. పొద్దున్నే ఎవరికి వారు తొడుక్కోబోయే ఒక్క చొక్కా కోసం దాన్ని వేడెక్కించి ఆపేసేవాళ్లు. బడికి ఒకరు, కాలేజీకి ఒకరు, ఆఫీసుకు ఒకరు. రోజూ మూడుసార్లు చల్లారిన పెట్టెను మళ్లీ వేడి చేయడమే. ఇప్పుడు వారానికి రెండుసార్లు, అన్నీ ఒకేసారి. తక్కువ వేడి చాలే పాలిస్టర్లు ముందు, కొద్ది తడి ఉండగానే కాటన్లు తర్వాత, స్విచ్చాపేశాక మిగిలిన వేడితో చేతిరుమాళ్లు. అసలు పొదుపు మాత్రం దండెం దగ్గరే. తడి చొక్కాని భుజాలు పట్టుకుని రెండుసార్లు గట్టిగా దులిపి, కాలరు సాఫు చేసి హ్యాంగరుకు ఆరేస్తే సగం ముడతలు అక్కడే పోతాయి. ఈ దులపడం, ఆరెయ్యడం మావారికి అప్పగించాం. చేత్తో చేసే పని చేద్దామన్నది ఆయనే కదా!

ఏప్రిల్ బిల్లు వచ్చింది. ఫాన్లు మార్చి కన్నా ఎక్కువ తిరిగాయి. అయినా 197 యూనిట్లు.

ఇదంతా మా ఇంట్లో పనిచేసే ఆమె వింటూనే ఉందన్నమాట. మేం మిషన్ కొనకముందు ఆమే మా బట్టలుతికేది. మిషన్ వచ్చినప్పుడు ఇక ఆ జీతం తగ్గించండని చుట్టుపక్కల వాళ్లు సలహా ఇచ్చారు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. ‘‘మిషన్ పెట్టింది ఆ పిల్ల నడుముకి సెలవివ్వడానికి, కడుపుకి కాదు’’ అన్నారు. ఉతకడానికి బదులు మడతలు, సర్దుళ్లు చేస్తుంది, జీతం అదే. అయితే మా ఇంట్లో సెలవు దొరికిన ఆ నడుముకి తన ఇంట్లో దొరకలేదు. ఇద్దరు పిల్లలు, మేస్త్రీ పనికి వెళ్లే భర్త. సిమెంటు మరకల బట్టలు. ఆదివారం పొద్దంతా బాత్‌రూములో పీట మీదే.

ఓ రోజు అంట్లు తోముతూ అడిగింది. ‘‘అమ్మా, మేం గూడ చిన్న మిషన్ తీసుకుందామనుకుంటున్నం. గని మా ఆయన వద్దంటున్నడు. జీరో బిల్లు పోతదంటున్నడు.’’

తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద తెల్లకార్డు ఉన్న ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మాత్రం మొత్తం బిల్లూ కట్టాల్సిందే. మాకైతే ఆ గీత దాటితే రెండు వందల రూపాయల తేడా. ఆమెకు సున్నాకూ వెయ్యికీ మధ్య తేడా. ఆయన భయం నిజమైనదే. కానీ ఆ భయం ఖరీదు కూడా ఈవిడ నడుమే మోస్తోంది.

కాగితం తీసుకుని ఆమెతో కూర్చున్నాను. వాళ్ల పాత బిల్లులు తెప్పించి చూస్తే నెలకు 120, 130 యూనిట్లు. కొనాలనుకుంటున్నది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మిషన్. దాంట్లో హీటరు ఉండదు. మోటారు మూడు నాలుగు వందల వాట్లు. ఒక వాయికి ఇరవై నిమిషాలు ఉతుకు, అయిదు నిమిషాలు స్పిన్. యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు. నెలకు ముప్పై వాయిలు వేసినా అయిదు యూనిట్లు. ‘‘అయిదేనా!’’ అంది. ‘‘అయిదే. మీ ఆయనకు ఈ కాగితం చూపించు. నీళ్లు కాచే మిషన్ మాత్రం కొనకండి’’ అని చెప్పాను.

రెండు నెలలకు కొన్నారు, పాత మిషన్ ఒకటి, వాయిదాల మీద. ఆ నెల బిల్లు చూపించడానికని మరీ మడతపెట్టి తెచ్చింది. 134 యూనిట్లు, కింద సున్నా.

‘‘ఆదివారం ఏం చేస్తున్నావు మరి?’’ అనడిగాను.

‘‘పగటిపూట పంటున్నమ్మా’’ అంది, సిగ్గుపడుతూ.